ఆగని ఫైలు, లేని గడియ

ఒక్క నిమిషం ఆగండి. పేజీ తిప్పకండి, వినండి. మన నగర పాఠశాలల మండలిలో ఒక మహా విప్లవం జరిగింది, దాన్ని దగ్గరుండి చూసే భాగ్యం నాకు దక్కింది. నేను మండలి ప్రచార విభాగంలో అసిస్టెంటుని. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. పత్రికలకు ప్రెస్ నోట్లు రాయడం నా పని. ఇది మాత్రం ప్రెస్ నోటు కాదు, మనసులోంచి తన్నుకొస్తున్నది. గబగబా టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మండలి కింద రెండు వందల పన్నెండు బడులున్నాయి. అన్నిటికీ కలిపి ఒక్కరే డైరెక్టరు గారు. ఆయన చార్జి తీసుకున్న వారంలోనే పెద్ద హాల్లో స్టాఫందరినీ నిలబెట్టి (కుర్చీలు ఏ విభాగం తేవాలో తేలలేదు) ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"ఈ రోజు నుంచి మన మండలిలో ఏ ఫైలూ ఏ టేబుల్ మీదా ఒక్క రోజుకు మించి ఆగదు! ఫైలు ఆగితే ఆ టేబుల్ వెనకున్న మనిషి ఇంక్రిమెంటు ఆగుతుంది!"

చప్పట్లు! మా సూపరింటెండెంటు గారు కళ్లు తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో తన టేబుల్ మీంచి ఫైలు కదలడం ఆయనే ఎన్నడూ చూడలేదట.

ఆ ప్రకటన నమ్మి మొట్టమొదట వచ్చింది ఒక హెడ్‌మిస్ట్రెస్ గారు. మార్కెట్ వెనక సందులో ఉన్న బడి ఆవిడది. పొట్టి మనిషి, చంకలో గొడుగు, చేతిలో ఒకే ఒక్క కాగితం. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి లోపలి గడియ ఊడిపోయింది, కొత్తది పెట్టించండి. అంతే, ఇంకేం లేదు.

"పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్లు తాగట్లేదు నాయనా," అన్నారు నాతో. "పెద్ద క్లాసులో పదకొండు మంది రావడమే మానేశారు. పరీక్షలకి రెండు నెలలే ఉన్నాయి. ఇళ్లకెళ్లి బతిమాలితే, గడియ పెట్టించండి, మర్నాడే పంపిస్తాం అంటున్నారు."

"ఫైలు పెట్టేయండి మేడమ్, ఒక్క రోజు!" అన్నాను. నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది.

నిజంగానే ఒక్క రోజు. సాయంత్రం అయిదుకల్లా బిల్డింగ్స్ విభాగం చూసేసింది. "తలుపు మాదే. తలుపు క్షేమంగా ఉంది. గడియ అన్నది భద్రతకు సంబంధించిన పరికరం" అని రాసి సేఫ్టీ విభాగానికి పంపింది. మర్నాడు సేఫ్టీ వారు, "మరుగుదొడ్డి గుమ్మం దాటి లోపలికి మాకు అధికారం లేదు" అని శానిటేషన్‌కి పంపారు. శానిటేషన్ వారు, "గడియని కడగమంటే కడుగుతాం, బిగించం. వాడేది బాలికలు గనక" అని బాలికా సంక్షేమానికి తోశారు. సంక్షేమం వారు బాలికల మీద ఎంతో ప్రేమగా పేరా రాసి, "గడియని చెక్కకే బిగించాలి, చెక్క బిల్డింగ్స్ వారిది" అని ముగించారు. అయిదో రోజు ఫైలు మళ్లీ బిల్డింగ్స్‌లో ప్రత్యక్షం! ఎక్కడా, ఏ బల్ల మీదా, ఒక్క రోజుకు మించి ఆగలేదు. నేను చూస్తూ పులకించిపోయాను.

నెల తిరిగాక రివ్యూ మీటింగు. గోడ నిండా స్క్రీన్, స్క్రీన్ నిండా గ్రాఫ్. అందులో ఎర్ర గీత ఒకటి పైకప్పుని తాకుతోంది. అది మన గడియ ఫైలే. డైరెక్టరు గారు హెడ్‌మిస్ట్రెస్ గారిని వేదిక మీదికి పిలిపించారు.

"మేడమ్, మీ ఫైలు ఇరవై మూడుసార్లు కదిలింది. మండలి చరిత్రలో రికార్డు! మీకెలా అనిపిస్తోంది?"

"దానికి కాళ్లు లాగేస్తుంటాయి సార్, పాపం. గడియ ఎప్పుడొస్తుంది?"

"హహ్హ! చూశారా, సెన్సాఫ్ హ్యూమర్! కానీ మేడమ్, మీరింకా పాతకాలంలోనే ఉన్నారు. ఫలితం గురించి ఆలోచిస్తే వేగం తగ్గిపోతుంది."

ఆవిడకి శాలువా కప్పారు. దాన్ని మడిచి చంకలో గొడుగు పక్కన పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే ఆవిడ ఒక పొరపాటు చేశారు. బజారుకెళ్లి గడియ కొన్నారు. డ్రిల్లు మాస్టారు నాలుగు స్క్రూలతో బిగించారు. మర్నాడు అయిదుగురు పిల్లలు బడికి తిరిగొచ్చారట.

ఆ మర్నాడు పదింటికి మా తనిఖీ స్క్వాడ్ జీపు దిగింది. "అనధికార అమరిక" అని గడియ ఊడదీసి సీలు వేసిన కవర్లో పెట్టుకొచ్చారు. మండలి చెక్కకి నాలుగు కన్నాలు పొడిచినందుకు సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారు. ఆవిడ జవాబు ఒకే ఒక్క లైను: "గడియ తిరిగివ్వండి, కన్నాలు కనబడకుండా నేనే మూసేస్తాను." ఆ మెమో, ఆ జవాబు కూడా అదే ఫైల్లో చేరాయి. ఫైలు లావెక్కింది, వేగం మాత్రం తగ్గలేదు.

ఆ అయిదుగురూ మళ్లీ మానేశారు. మళ్లీ పదకొండు.

ఇంత పేరొచ్చిన ఫైలు పుట్టిన చోటు స్వయంగా చూడాలని డైరెక్టరు గారే బయల్దేరారు. వెనక నలుగురు డిప్యూటీలు, వారి వెనక కెమెరాతో నేను. బడి వెనక సన్నటి వరండా, నీళ్ల కుళాయి, ఆ చివర ఆకుపచ్చ తలుపు. తలుపుకి వీపు ఆనించి ఒక పిల్ల నిలబడి గట్టిగా ఎక్కం చదువుతోంది. "పదమూడు నాలుగులు యాభై రెండు, పదమూడు అయిదులు అరవై అయిదు..."

"ఏం చేస్తున్నావు పాపా?"

"లోపల మా ఫ్రెండుంది సార్. తలుపు పట్టుకున్నా."

"మరి ఎక్కం?"

"ఎక్కం వినబడుతుంటే నేనిక్కడే ఉన్నానని దానికి ధైర్యం సార్. ఆపితే భయపడుతుంది."

డైరెక్టరు గారు డిప్యూటీల వైపు తిరిగారు. ఆయన ముఖంలో ఆ వెలుగు నేను ఈ జన్మలో మర్చిపోను. "లీడర్‌షిప్!" అన్నారు.

"గడియ పెడితే నేను కూడా క్లాసులో ఉంటాను సార్," అంది పిల్ల.

"టీమ్‌వర్క్!"

"ఇప్పుడు లెక్కల క్లాసవుతోంది సార్."

"ఎక్కం ఇక్కడే వచ్చేస్తోందిగా! లెర్నింగ్ అవుట్‌కమ్! రాసుకోండయ్యా, రాసుకోండి!"

నలుగురు డిప్యూటీలూ రాసుకున్నారు. లోపలి నుంచి సన్నటి గొంతు వినిపించింది. "ఒసేయ్, ఎక్కం ఆపేశావేంటే? ఎవరొచ్చారు?"

ఆ సాయంత్రమే "తోడు ద్వారం" పథకం పుట్టింది. మరుగుదొడ్డి తలుపుకి గడియ అక్కర్లేదు, ఉన్నవి కూడా తీసేయాలి, తోటి మనిషే గడియ. ఒకరు లోపల, ఒకరు బయట. బయట ఉన్నవారు విధిగా ఎక్కాలు చదవాలి. ఉత్తర్వు డ్రాఫ్టు చేసే అదృష్టం నాకే దక్కింది. రాస్తుంటే హెడ్‌మిస్ట్రెస్ గారు నా బల్ల దగ్గరికొచ్చారు. కోప్పడతారనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, మొత్తం శ్రద్ధగా చదివారు.

"బాగా రాశావు నాయనా. కానీ 'బడులలో' అన్నావు. అంత పెద్ద పథకానికి మరీ చిన్న మాట కదూ? 'మండలికి చెందిన అన్ని భవనాలలో' అని రాయి. నిండుగా ఉంటుంది."

నిజమే! ఎంత పెద్ద మనసు! వెంటనే మార్చాను. డైరెక్టరు గారు చదవకుండానే సంతకం పెట్టారు. చదివితే ఫైలు ఆగుతుంది కదా.

ఇక్కడే మండలి తన సత్తా చూపించింది. పెట్టడానికి ఎవరి పనో తేలని గడియ, పీకడానికి మాత్రం అందరి పనీ అయింది. నాలుగు విభాగాలూ పోటీ పడ్డాయి. మూడు రోజుల్లో నగరంలో మండలికి ఉన్న ప్రతి మరుగుదొడ్డి గడియా ఊడింది. ఆఖరున ఊడింది హెడ్డాఫీసు నాలుగో అంతస్తులో డైరెక్టరు గారి గదిని ఆనుకుని ఉన్న సొంత బాత్‌రూమ్ గడియ. "నా గదిలో కూడానా?" అని ఆయన అడిగారు. "'అన్ని భవనాలలో' సార్, తమరి సంతకమే," అని బిల్డింగ్స్ డిప్యూటీ గారు ఉత్తర్వు చూపించారు. రద్దు చేద్దామంటే అప్పటికే పథకానికి ఒక పురస్కారం వచ్చి ఉంది. ఇరుగుపొరుగు నగరాల నుంచి ప్రతినిధులు చూడ్డానికి వస్తున్నారు.

డైరెక్టరు గారి తలుపుకి తోడుగా నమ్మకస్తుడైన ఉద్యోగిని నియమించాలన్నారు. నన్నే ఎన్నుకున్నారు. నా ప్రొబేషన్ ఫైలు శుక్రవారం ఆయన సంతకానికి వెళ్తుంది. ఇవాళ గురువారం.

మీకు ఇంతసేపూ చెప్పలేదు. నేనిది ఒంటిచేత్తో, ఫోన్లో టైపు చేస్తున్నాను. రెండో చెయ్యి తలుపు హ్యాండిల్ మీద ఉంది. పది నిమిషాల కింద ఆయన లోపలికెళ్లారు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను సార్! పద్నాలుగు రెళ్లు ఇరవై ఎనిమిది!"

తెరిచి ఉన్న గది తలుపులోంచి చూస్తే, కారిడార్ ఆ చివర లిఫ్టు తెరుచుకుంది. ప్రతినిధి బృందం దిగింది. పాతిక మంది, మెడలో కెమెరాలు. ముందు నడుస్తున్న మా సూపరింటెండెంటు గారు ఇటే చూపిస్తున్నారు, "పథకం ప్రత్యక్షంగా చూద్దురు గాని, రండి" అంటున్నారు.

వాళ్లకంటే ముందే మెట్ల మీంచి హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చేశారు. ఆయాసపడుతూ నా పక్కన నిలబడ్డారు. చేతిలో ఒక్క కాగితం, దాని మీద ఒక్క వాక్యం: గడియలన్నీ మూడు రోజుల్లో తిరిగి బిగించాలి. కింద సంతకానికి చోటు.

"సోమవారం పరీక్షలు నాయనా. పదకొండు మందీ ఇంట్లోనే ఉన్నారు."

"బయటికొచ్చాక అడగండి మేడమ్."

"బయటికొస్తే మళ్లీ డైరెక్టరైపోతాడయ్యా ఆయన. లోపలున్నప్పుడే మనిషి." ఆవిడ వంగి, కాగితమూ పెన్నూ తలుపు కింది సందులోంచి లోపలికి తోశారు. "చెయ్యి తీసేస్తానని ఒక్క మాట అను. తియ్యక్కర్లేదు. అను చాలు."

లోపల కాగితం చప్పుడైంది.

"ఏమిటిది? ఎవరక్కడ? ఎక్కం ఆపావేమయ్యా?"

కెమెరాలు పది అడుగుల దూరంలోకి వచ్చేశాయి. నా ప్రొబేషన్ రేపు. పిల్లల పరీక్ష సోమవారం. హెడ్‌మిస్ట్రెస్ గారు నా ముఖంలోకే చూస్తున్నారు, లోపల్నుంచి ఆయన నా పేరు పెట్టి పిలుస్తున్నారు, చెయ్యేమో హ్యాండిల్ మీదే ఉంది. త్వరగా చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?