ఆరు చక్రాల సొంతిల్లు

అద్దెకు ఇల్లు దొరక్కపోవడాన్ని మించిన అదృష్టం మనిషికి ఇంకేముంది చెప్పండి!

నవ్వకండి. నా పేరు క్రాంతి కుమార్, సర్కారు గుమస్తాని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అంటూ బదిలీల మీద తిరిగినవాణ్ణి. ఎక్కడికెళ్లినా ఓనర్లు ఎంతో మర్యాదగా గదులు చూపించారు. ఇంట్లోవాళ్ల వివరాలు అడిగారు. అడిగిన మరుక్షణం ప్రతి ఓనరుకూ ఒక తమ్ముడు పుట్టుకొచ్చి, ఆ ఇంట్లో తానే దిగుతానన్నాడు! ఈ జిల్లాలో ఇంతమంది తమ్ముళ్లున్నారని జనాభా లెక్కలవాళ్లకైనా తెలుసా?

తొంభై ఎనిమిదిలో ధర్మవరం ఆర్డరు వచ్చింది. అక్కడా ఇల్లు దొరక్క లాడ్జిలో దిగాం. మా అమ్మ ఆ లాడ్జి బాత్రూములో స్టవ్ పెట్టి అన్నం వండుతుంటే నాకు జ్ఞానోదయమైంది. ఇంటికే చక్రాలుంటే?

హిందూపురంలో పాత లారీ కొన్నాను. తొట్టి పీకించి, ఒట్టి చాసీ మీద గది కట్టమని వెల్డర్ నల్లప్పను పట్టుకున్నాను. ఇనుప చట్రం, పైన రేకు, లోపల ప్లైవుడ్డు. చాసీకీ గదికీ మధ్య కట్టెదుంగలు పరిచి బోల్టులు బిగించాడు. అంతా బాగానే ఉంది, వాకిలి దగ్గరే పని ఆగింది.

"వాకిలి తూర్పుకే పెట్టల్ల సార్. లేకుంటే ఇల్లు అచ్చిరాదు," అన్నాడు.

"లారీకి తూర్పేమప్పా?"

"ఇప్పుడు నిలబడుండేదాన్ని బట్టే!"

అలాగే పెట్టాడు. షెడ్డు గేటు దాటి మలుపు తిరగ్గానే వాకిలి దక్షిణం చూసింది. పెనుకొండ చేరేలోగా అన్ని దిక్కులూ చూసేసింది. ఏ మేడకుంది ఈ భాగ్యం? వాస్తు నచ్చకపోతే రివర్స్ గేరు వేస్తే సరి!

పంపు దగ్గర తగువుల్లేవు, పంపే లేదు కాబట్టి. ఎండాకాలం పైరేకు మీద దోసెలు పోసుకోవచ్చు. ఇన్ని లాభాలు చెప్పినా నా భార్య నిర్మల నవ్వలేదు. వచ్చే ఏడు కూడా అదే కిటికీలోంచి అదే వీధి కనబడాలట ఆమెకు. అంతకు మించి ఏమీ అక్కర్లేదట.

ధర్మవరంలో ఒక ఖాళీ సైటులో బండి ఆపాం. సాయంత్రం సైటు పెద్దాయన వచ్చి, గది చుట్టూ తిరిగి చూశాడు.

"భలే చేసినావప్పా! ఎన్ని దినాలన్నా ఉండండి. నీళ్లు మా బోరుకాడ పట్టుకోండి," అన్నాడు.

నిర్మల మొహం వెలిగిపోయింది. ఆయనకు కాఫీ ఇచ్చి, కిటికీకి కర్టెన్ కట్టడం మొదలుపెట్టింది. ఆయన అమ్మవైపు తిరిగాడు.

"ఏమక్కా, నీ పేరేమి?"

"ఎస్తేరమ్మ."

పెదవుల దాకా వెళ్లిన గ్లాసు మెల్లగా కిందికి దిగింది.

"బండి ఈడ వద్దప్పా. యాడికన్నా జరుపుకోండి," అని ఆయన వెళ్లిపోయాడు.

చూశారా సౌకర్యం! మంచాలు మొయ్యక్కర్లేదు, గిన్నెలు మూటగట్టక్కర్లేదు. నిర్మల కర్టెన్ విప్పేసింది. ఆయన తాగని కాఫీని అమ్మ పారబోసింది. నాకు ఏడుపొచ్చింది, బండి స్టార్ట్ చేశాను.

అయ్యా, మీ ఇంటి ముందు ఒక లారీ పట్టేంత జాగా ఉందా? ముందే చెప్పేస్తున్నాను, మా అమ్మ పేరు ఎస్తేరమ్మ.