పది మాటలు వినబడలేదు

వార్తలు రాయడానికి నియమాలున్నాయి, చదవడానికి నియమాలున్నాయి. అచ్చు వెయ్యడానికైతే నియమాలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. వినడానికి మాత్రం ఏ దేశంలోనూ ఇంతవరకూ ఒక్క నియమం లేదు. ఎవడికి ఏది వినబడితే అది వినేస్తున్నాడు. ఈ అరాచకానికి తెరదించిన ఘనత మన సమాచార శాఖ మంత్రిగారికి దక్కింది. నిరుడు వేసవిలో ఒక చల్లని హాల్లో, పదిమంది ఫొటోగ్రాఫర్ల సమక్షంలో, ‘విదేశీ వార్తా ప్రసారాలను వినే కార్యాలయాలకు సంపాదకీయ, నిర్వహణ మార్గదర్శకాలు’ అనే నలభై ఒక్క పేజీల పుస్తకాన్ని ఆయన ఆవిష్కరించారు. “ఇకమీదట ఈ దేశం వినవలసిందే వింటుంది” అన్నారు. చప్పట్లు మూడు నిమిషాలు మోగాయి. అవి మాత్రం అందరికీ వినబడ్డాయి.

పుస్తకం మర్నాడే విదేశీ వార్తా శ్రవణ కార్యాలయానికి చేరింది. అది ఒక పాత మేడలో మూడో అంతస్తు. శత్రువు లోపలికి చూడకుండా కిటికీ అద్దాలకు ఆకుపచ్చ రంగు పూశారు. లిఫ్టు పనిచెయ్యదు కాబట్టి శత్రువు పైకి ఎలాగూ రాడు. అక్కడ ఏడుగురు ఉద్యోగులు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పొరుగు దేశపు రేడియో మన భాషలో మన గురించి ఏమంటోందో విని, టైపు చేసి, మంత్రిగారికి పంపుతారు. ఆ రేడియోను ఆఫీసులో అందరూ ‘అవతలివాడు’ అంటారు. మన సొంత రేడియోతో ఈ బాధ లేదు. మంత్రిగారు సంతకం పెట్టిన వార్తలే అది చదువుతుంది, పెట్టేదాకా పాటలు వేస్తుంది.

ఏడుగురిలోనూ సీనియర్‌ను అందరూ అక్కయ్యగారు అంటారు. డైరెక్టరుగారు ఆవిడకన్నా రెండేళ్ళు పెద్ద, ఆయనా అక్కయ్యగారనే అంటారు. ఆవిడవి పాముచెవులు. పక్కగదిలో డైరెక్టరుగారు సొరుగు లాగితే, లోపల్నుంచి తీసింది పెన్నో బిస్కెట్టో ఇక్కణ్ణుంచే చెప్పెయ్యగలరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుని అవతలివాణ్ణి వింటున్నారు. ఇంకో పధ్నాలుగు నెలలు వింటే రిటైరవుతారు.

ఆ పనిలో ఒక పాత పద్ధతి ఉంది. గాలివానకి రేడియో గరగరలాడి మాట అందకపోతే, అక్కడ ఊహించి ఏదో ఒకటి రాయకూడదు. బ్రాకెట్లో ‘రెండు మాటలు వినబడలేదు’ అని నిజం ఒప్పుకోవాలి. అక్కయ్యగారికి ఆ అవసరం ఏడాదికి నాలుగైదుసార్లకు మించి వచ్చేది కాదు. వచ్చిన రోజున ఇంటికెళ్ళాక కూడా మనసు మనసులో ఉండేది కాదు.

కొత్త పుస్తకం ఏడో పేజీలో నాలుగో పేరా ఈ పద్ధతిని చాలా మెచ్చుకుంది. మెచ్చుకుని, వానలతో నిమిత్తం లేకుండా ఏడాది పొడుగునా అమలు చెయ్యాలని ఆదేశించింది. ప్రభుత్వ గౌరవానికి భంగం కలిగించే మాట ఏదైనా వినబడిన చోట ‘వినబడలేదు’ అని వెయ్యాలి. ఎన్ని మాటలు వినబడలేదో ఖచ్చితంగా సంఖ్య ఇవ్వాలి. సంఖ్యలో తేడా వస్తే క్రమశిక్షణ చర్య.

“వినబడని మాటల్ని లెక్కపెట్టడం ఎలాగ సార్?” అని అడిగారు అక్కయ్యగారు.

“విని లెక్కపెట్టాలి అక్కయ్యగారూ.”

“వింటే వినబడినట్టు కదా?”

“మీకు వినబడుతుంది. కార్యాలయానికి వినబడదు.” డైరెక్టరుగారు చాలా మంచివారు. ఏ ఆదేశాన్నయినా తనకు అర్థమైనట్టే వివరిస్తారు.

ఆ వారమే మొదటి రిపోర్టు ఇలా వెళ్ళింది: ‘రాజధానిలో మంచినీటి (ఆరు మాటలు వినబడలేదు) ప్రజలు మూడు రోజులుగా (తొమ్మిది మాటలు వినబడలేదు) మంత్రిగారి బావమరిది (ఇరవై రెండు మాటలు వినబడలేదు). రేపు ఆకాశం నిర్మలంగా ఉంటుంది.’

మంత్రిగారు పరమానందభరితులయ్యారు. మూడు నెలలు తిరిగేసరికి, విదేశాల్లో మనమీద విమర్శ పూర్తిగా ఆగిపోయిందని, ఆకాశం గురించి మాత్రం ఎంతో సదభిప్రాయం ఉందని పత్రికల వాళ్ళకు చెప్పారు. అక్కయ్యగారి కార్యాలయానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. దాన్ని గోడకు తగిలించడానికి మేకు కొడుతుంటే అవతలివాడి మధ్యాహ్నం వార్తలు ఒక్క ముక్క వినబడలేదు. ఆ రోజు రిపోర్టే అన్నిటికన్నా బాగుందని పైనుంచి కబురొచ్చింది.

ఇంటి దగ్గర సంగతి వేరు. అక్కయ్యగారి భర్త ఇరవై ఏళ్ళు మరమగ్గాల మిల్లులో పనిచేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చారు. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి తన చిన్న రేడియోను ఆఖరి గీత దాకా తిప్పి, గుమ్మంలో కూర్చుని అవతలివాణ్ణి వింటారు. ఆయనతోపాటు వీధి వీధంతా వింటుంది. ప్రభుత్వ క్వార్టర్లు కదా, అందరూ ఉద్యోగుల కుటుంబాలే. సాయంత్రం అక్కయ్యగారు ఇల్లు చేరగానే ఆయన మొదలుపెడతారు.

“నీళ్ళ కాంట్రాక్టు మంత్రి బావమరిదిదటే!”

“మెల్లిగా అనండి. నాకు తెలుసు.”

“ఏమిటీ?”

“నాకు తెలుసూ అంటున్నాను!”

“తెలిస్తే రాయవేం?”

ఇంత గట్టి ప్రశ్నకు అంత గట్టిగా జవాబు చెప్పడం వీధిలో బాగుండదని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. ఆ ప్రశ్న మాత్రం వెంట వచ్చేది. ఇరవై తొమ్మిదేళ్ళు చెవినే నమ్ముకుని బతికిన మనిషికి చెవి దగ్గర దొంగతనం చేస్తున్నట్టుండేది. సిగ్గుగానే ఉండేది.

కష్టం శాసనసభలో పుట్టింది. ప్రతిపక్షంలో ఒక సభ్యుడు, ఎవరికీ పనిలేని ఒక శుక్రవారం, ఆ రిపోర్టులు తెప్పించుకుని గట్టిగా చదివాడు. “అధ్యక్షా, ఏడుగురు జీతాలు తీసుకుని వింటున్నారు. నెలలో పదకొండు వేల మాటలు వినబడలేదు. వీళ్ళు చెవిటివాళ్ళా, లేక మంత్రిగారు చెవిటివాళ్ళుగా ఉండమన్నారా?”

మంత్రిగారు లేచి, ఆవేదనతో, ఉద్యోగుల చెవులమీద విచారణ జరిపిస్తామని ప్రకటించారు. మార్గదర్శకాల ఊసు ఎత్తలేదు. వాటిమీద ‘రహస్యం’ అని ముద్ర ఉంది, ఆవిష్కరణ పదిమంది ఫొటోగ్రాఫర్ల ముందు జరిగినా సరే.

వారంలో ఉత్తర్వు వచ్చింది. చెవులు బాగాలేవని తేలినవారిని ఉద్యోగానికి పనికిరానివారిగా ఇంటికి పంపుతారు. చెవులు బాగున్నాయని తేలినవారిని, వినబడిందాన్ని వినబడలేదని రాసినందుకు డిస్మిస్ చేస్తారు. రెంటిలో ఏదైనా ముప్పై రోజుల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

అక్కయ్యగారు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. రిటైరవడానికి ఇంక పది నెలలే. ఈ వయసులో ఈ మనిషిని, ఆ రేడియోను వెంటబెట్టుకుని ఏ గుమ్మంలోకి వెళ్ళాలి? ఎవరు అద్దెకిస్తారు ఆ చప్పుడుకి?

చెవుల డాక్టరు పెద్దమనిషి. ఆవిణ్ణి ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, చేతికి ఒక మీట ఇచ్చారు.

“శబ్దం వినబడగానే నొక్కండి.”

“ఎంతవరకూ వినబడమంటారు డాక్టరుగారూ?”

“మీ మార్గదర్శకాల్లో ఏముందో మరి.”

“అవి రహస్యం అండి.”

“అలాగా. మా ఆవిడ దగ్గర ఒక కాపీ ఉంది, చూసి చెబుతాను లెండి.” డాక్టరుగారు మీటలు సర్దుతూ గొంతు తగ్గించారు. “నిన్న ఆ బావమరిది సంగతి మీకు నిజంగానే వినబడలేదా? మాకు గేటు దాకా వినబడిందే.”

పరీక్ష గంటసేపు జరిగింది. యంత్రం చెయ్యగలిగిన అతి చిన్న శబ్దానికి కూడా అక్కయ్యగారి వేలు కదిలింది. ఆపుదామనే అనుకున్నారు, వేలు వినలేదు. డాక్టరుగారు దిగులుగా కాగితంమీద ‘రెండు చెవులూ నిక్షేపంగా ఉన్నాయి’ అని రాసి, “క్షమించండమ్మా, ఇంతకన్నా తగ్గించలేకపోయాను” అన్నారు.

ఇక మిగిలింది ఒకే దారి అని డైరెక్టరుగారు చెప్పారు. ఆ సర్టిఫికెట్టు కిందే ‘విచారణ ముగిసినది. ఉద్యోగంలో కొనసాగించవచ్చు’ అని ఒక వాక్యం. దానికింద మంత్రిగారి సంతకం. అదృష్టం కొద్దీ మంగళవారం మధ్యాహ్నం మంత్రిగారే స్వయంగా కార్యాలయానికి వస్తున్నారు. అవతలివాడి వార్తలు తానే విని, అందులో వినడానికి ఏమీ లేదని ఫొటోతో సహా రుజువు చేస్తారు. వినడం అయ్యాక మనసు బాగుంటే కాగితం ముందు పెడదామన్నారు.

మంగళవారం పధ్నాలుగో తేదీ. మూడంతస్తులూ ఎక్కి వచ్చినందువల్ల మంత్రిగారు ఐదు నిమిషాలు ఏ సందేశమూ ఇవ్వలేకపోయారు. తర్వాత అక్కయ్యగారి కుర్చీలోనే కూర్చున్నారు. ఒక జత హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు, అదే రేడియోకి తగిలించిన రెండో జత పక్కన నిలబడ్డ అక్కయ్యగారికి. డైరెక్టరుగారు, ఫొటోగ్రాఫరు, మిగతా ఆరుగురూ చెవులకు ఏమీ లేకుండా, చాలా శ్రద్ధగా వింటున్నట్టు నిలబడ్డారు. మంత్రిగారు తల కొద్దిగా వంచి, చూపుడువేలు చెంపకు ఆనించారు. ఫొటో బాగా వచ్చింది.

పన్నెండున్నర అయింది. అవతలివాడి వార్తలు చదివే మనిషి గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు అక్కయ్యగారికి పంతొమ్మిదేళ్ళుగా తెలుసు. పెద్ద వార్త ఉంటే తప్ప సవరించడు.

“సమాచార మంత్రిని ఈ ఉదయం పదవి నుంచి తొలగించినట్లు ప్రధాని కార్యాలయం తెలియజేసింది.”

అక్కయ్యగారి వేళ్ళు అలవాటుకొద్దీ చీరచెంగు చాటున లెక్కపెట్టేశాయి. పది. ఆ తర్వాతే వాటి అర్థం తలకెక్కింది. మన రేడియో ఇంకా పాటలే వేస్తూ ఉంటుంది. ఆ వార్త చదవాలంటే మంత్రిగారి సంతకం కావాలి, ఆయనేమో ఇక్కడున్నారు.

మంత్రిగారి చూపుడువేలు చెంపమీదే ఉంది. ఫొటో ఎప్పుడో అయిపోయింది. కాసేపటికి ఆయన మెల్లిగా హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టారు.

“ఇక్కడ కొంచెం వినబడలేదు” అన్నారు. తలెత్తి ఆవిడవైపు చూశారు. “మీకేమైనా వినబడిందా అమ్మా?”

ఆవిడకు భర్త అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. గుమ్మం గుర్తొచ్చింది. బల్లమీద సర్టిఫికెట్టు ఫ్యాను గాలికి రెపరెపలాడుతోంది.

“లేదు సార్. పది మాటలు వినబడలేదు.”

“పదేనా?”

“పదేనండి.”

మంత్రిగారు తల ఊపారు. “నేనూ పదే అనుకున్నాను” అన్నారు.

డైరెక్టరుగారు సమయం చూసి కాగితం ముందుకు జరిపారు. మంత్రిగారు చదవకుండానే సంతకం పెట్టారు. కింద తేదీ వేశారు. పదమూడు.

“సార్, ఈవేళ పధ్నాలుగండి” అన్నారు డైరెక్టరుగారు వినయంగా.

“తెలుసు” అన్నారు మంత్రిగారు. పదమూడు అలాగే ఉంది. “ఇంకేమైనా పెండింగులో ఉన్నాయా? అన్నీ పట్రండి.”

దస్త్రాలు వచ్చాయి. డైరెక్టరుగారి ప్రమోషను, లిఫ్టు రిపేరు, కొత్త కుర్చీలు, బావమరిదికి రెండో విడత నీళ్ళు. మంత్రిగారు నలభై నిమిషాలు ఆపకుండా సంతకాలు పెట్టారు. అన్నీ పదమూడో తేదీవే. ఒక్కరోజులో ఇంత పని చేసిన మంత్రిని ఎక్కడా చూడలేదని డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. అక్కయ్యగారు తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో అడుగున దాచుకున్నారు.

మంత్రిగారు మెట్లు దిగుతుండగా డైరెక్టరుగారి గదిలో ఫోను మోగింది. ఆయన వెళ్ళి ఎత్తారు, “చిత్తం” అన్నారు, మళ్ళీ “చిత్తం” అన్నారు. బయటికి వచ్చేసరికి ముఖంలో నెత్తురుచుక్క లేదు. మేడ కిందిదాకా సాగనంపాల్సిన మనిషి కిటికీ దగ్గరే ఆగిపోయారు. ఉక్కకు కిటికీ తెరిచే ఉంది. ఒకరొకరుగా అందరూ అక్కడికే చేరారు.

కింద ఎండలో మంత్రిగారు ఒక్కరే నిలబడి ఉన్నారు. జెండా కారు లేదు. గేటు దగ్గర కాపలాదారు ఏదో చెబుతున్నాడు. అక్కయ్యగారికి స్పష్టంగా వినబడింది: డ్రైవరు ఎదురు టీకొట్టులో రేడియో వింటూ వింటూ లేచి, పన్నెండూ ముప్పై రెండుకి కారు తీసుకుని వెళ్ళిపోయాడు. మంత్రిగారు వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశారు. తర్వాత తలెత్తి, మూడో అంతస్తు కిటికీలో వరసగా ఉన్న ముఖాల్ని చూసి, నోటికి రెండు చేతులూ అడ్డంపెట్టుకుని కేకేశారు.

“నన్ను ఎవరైనా ఇంటిదాకా దింపుతారా?”

అక్కయ్యగారికి జాలేసింది. నిజంగానే వేసింది. చేతిసంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నారు.

“ఏదో అంటున్నట్టున్నారే” అన్నారు డైరెక్టరుగారు, కిటికీ రెక్క మెల్లిగా మూస్తూ. “ఏమిటి అక్కయ్యగారూ?”

ఆవిడ కుర్చీలో కూర్చుని టైపుమిషను ముందుకు లాక్కున్నారు. రేపటి ఆకాశం ఇంకా టైపు చెయ్యలేదు.

“నాలుగు మాటలు వినబడలేదు సార్” అన్నారు.