లిఫ్టు ఎవరికీ అక్కర్లేదట!

చిలీ తీరంలోని గవియోతా కొండ మీద ఆ ఉదయం లౌతారో అనుకున్న పనులు పెద్దవేమీ కావు. రొట్టె మీద అవకాడో రాసుకుని తినడం, మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి తాను చేసిన సర్వే ఫలితం మేయరు చేతిలో పెట్టడం, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకోవడం. అయితే టీ పోస్తూ భార్య ఎర్మెలిందా ఆ ఫలితమేమిటని అడిగింది. కొండవాలు పట్టాల మీద ఒక పెట్టె ఎక్కుతుంటే ఇంకో పెట్టె దిగే కొండ లిఫ్టు నడిపేది ఆమే. ఆ లిఫ్టు ఉంచాలా, మూసెయ్యాలా అన్నదే సర్వే.

"ఎవరికీ అక్కర్లేదట," అని నసిగాడు లౌతారో.

"ఏమయ్యా, ఎవర్నడిగావు? పొద్దున్నే నా లిఫ్టు ముందు తోసుకునేవాళ్ళంతా దయ్యాలా?"

"జాబితాలో ఉన్న ఇళ్ళన్నీ తిరిగానే. ఒక్కటి వదల్లేదు."

"మరి మనింటికి రాలేదే?"

"మనిల్లు జాబితాలో లేదు."

"పక్కింటి బెలార్మీనో తాత?"

"మెట్ల దారి ఇళ్ళకి నంబర్లెక్కడివి? కారు వెళ్ళే వీధిలో ఉన్నవే జాబితాకెక్కాయి."

"అంటే కార్లున్నోళ్ళని పట్టుకుని లిఫ్టు కావాలా అని అడిగొచ్చావా? ఓరి నా బంగారు కొండా!"

లౌతారోకి నిజంగానే భయం వేసింది. లిఫ్టు పోతే ఎర్మెలిందా ఉద్యోగం పోతుంది. మోకాళ్ళ నొప్పుల బెలార్మీనో తాత, పాపం, ఇక కొండ దిగనే లేడు. ఆఫీసు మానేసి రోజంతా లిఫ్టులోనే నిలబడి, ఎక్కినవాళ్ళనల్లా అడిగాడు. అందరూ కావాలన్నారు. ఇదేం ప్రశ్నని ఒకావిడ సంచీతో ఒక్కటిచ్చింది కూడా.

మర్నాడు మేయరు తల పట్టుకున్నారు. "ఒకదాంట్లో ఎవరికీ వద్దు, ఇంకోదాంట్లో అందరికీ కావాలి. ఏది నిజమయ్యా?"

"రెండూ తప్పేనండి. మొదట ఎక్కనివాళ్ళనే అడిగాను, తర్వాత ఎక్కేవాళ్ళనే అడిగాను."

ఆ నిజాయితీ కొంప ముంచింది.

"అయితే సగానికి సగం," అని తేల్చేశారు మేయరు. "ఎక్కడానికి లిఫ్టు. దిగేవాళ్ళు నడిచి దిగాలి. దిగే పెట్టెలో మనిషి కనిపించాడా, లిఫ్టు మూతే!"

కొత్త పద్ధతి మొదలైన రోజున ఆయనే తన పరివారంతో కింది పెట్టెలో ఎక్కారు. పెట్టె మూలుగుతూ కొంతదూరం వెళ్ళి, కొండ నడుమ ఆగిపోయింది. కింద చూస్తే సముద్రం. మేయరు కళ్ళు మూసుకున్నారు.

"ఏమైందమ్మా?" అని పైకి అరిచారు.

"రెండు పెట్టెలూ ఒకే తాడుకున్నాయండీ!" అని పైనుంచి అరిచింది ఎర్మెలిందా. "పై పెట్టె బరువుగా దిగితేనే మీది ఎక్కుతుంది. ఖాళీ పెట్టెతో ఈ ముసలి మోటారు లాగలేదు!"

"అయితే బరువేదైనా వెయ్యి, తల్లీ!"

"ఏం వెయ్యమంటారు?"

"ఏదైనా సరే! నీకు పుణ్యముంటుంది!"

ఎర్మెలిందా మెట్ల దారి ఇళ్ళవాళ్ళందరినీ పిలిచి పై పెట్టె నింపేసింది. మేయరు కళ్ళు తెరిచేసరికి, ఎదురు పెట్టెలో దిగిపోతూ బెలార్మీనో తాత టోపీ తీసి పలకరించాడు. పైకి చేరగానే మేయరు, దిగే పెట్టెలో మనుషుల్ని కాదుగానీ 'బరువు' ఎంతైనా వెయ్యొచ్చని కొత్త ఉత్తర్వు రాసిచ్చారు. మోటారు నిజంగానే మొరాయించిందా అని ఆ రాత్రి లౌతారో అడిగితే, ఎర్మెలిందా అతనికి ఇంకో రొట్టె వడ్డించింది.

ఆ ఏటి మునిసిపల్ నివేదికలో గవియోతా కొండ ఎక్కినవాళ్ళ లెక్క మనుషుల్లో ఉంది, దిగినవాళ్ళది కిలోల్లో.