బెదిరింపు ధ్రువపత్రం

అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాల్లో నివసిస్తున్న మేధావులందరి ప్రాణాలకూ ఇకపై తానే బాధ్యుడినని వార్డు నాయకుడు ఉప్పలయ్య గారు ఆదివారం పొద్దున పదిన్నరకు ప్రకటించారు. మేధావులు కిక్కిరిసిన వార్డుకు నాయకుడు కావడం తన పూర్వజన్మ సుకృతమని, వాళ్ళ మీద ఈగ వాలినా సహించేది లేదని, ఆ ఈగ ఏ పార్టీదైనా వదిలిపెట్టనని అన్నారు. అక్కడికక్కడే ‘మేధావుల పరిరక్షణ సమితి’ పుట్టింది. అధ్యక్షుడిగా ఉప్పలయ్య గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. సభ జరిగింది ఆయన సొంత ఫంక్షన్ హాల్లో కాబట్టి పెళ్ళివాళ్ళు వచ్చేలోగా ముగించేశారు. వేదిక మీది పూలు పెళ్ళివాళ్ళవే.

రెండో వరసలో కూర్చున్న సూర్యనారాయణమూర్తి గారికి కళ్ళు చెమర్చాయి. తపాలా శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. అచ్చులో ఉన్న మాటన్నా, మైకులో చెప్పిన మాటన్నా ఆయనకు గురి. పైగా ధనుర్మాసంలో స్వామివారి పల్లకీ బయల్దేరితే ముందు కొమ్ము పట్టేది ఉప్పలయ్య గారే. దేవుణ్ణి భుజాన మోసేవాడు మాట తప్పుతాడని అనుకోవడానికి మూర్తి గారికి మనసొప్పదు.

ఆ ప్రకటనతో ఆయనకు పని కూడా పడింది. ఆయన ఇంట్లో మేడమీద గదిలో అద్దెకుంటున్న స్వరూప మేధావి. నారాయణగూడలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఊళ్ళో పాత చెరువులు, వాన నీళ్ళు పోయే నాలాలు ఎక్కడెక్కడ ఉండేవో ఆరేళ్ళు తిరిగి పోగుచేసి ఒక పెద్ద వ్యాసం రాసింది. ముషీరాబాద్‌లో రాజేశం అని ఒక ముసలి సర్వేయరు, కన్నుమూసే ముందు తన దగ్గరున్న చేతిగీత పటాన్ని ఆమె చేతిలో పెట్టాడు. సర్కారు ముద్ర ఉన్న అసలు పటం. ఆ పటం ప్రకారం ఉప్పలయ్య గారి ఫంక్షన్ హాలు ఉన్నచోట ఫంక్షన్ హాలు లేదు. నలభై అడుగుల నాలా ఉంది.

వ్యాసం అచ్చయినప్పటి నుంచి ఆమెకు ఫోన్లు వస్తున్నాయి. ఎవరూ తిట్టరు. ‘అక్కా, మీ అమ్మ కిష్టమ్మ మంచిగున్నదా? ఊర్ల ఒక్కతే ఉంటది కద, జర పైలం’ అని రోజుకో కొత్త నంబరు నుంచి క్షేమం కనుక్కుంటారు. రెండుసార్లు హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు బస్టాపులో బండిని ఆమె మోకాళ్ళ దాకా తెచ్చి ఆపి, సారీ చెప్పి వెళ్ళిపోయారు. కాలేజీవాళ్ళు ఆమె ఆరోగ్యం దృష్ట్యా సెలవు ఇచ్చారు. ఆమె ఆరోగ్యంగానే ఉంది.

ఇలాంటి అధ్యాపకులను పిలిచి, రెండేళ్ళపాటు భయం లేకుండా తమ పని తాము చేసుకోనిచ్చే ఫెలోషిప్ ఒకటి ఐరోపాలో ఉందట. స్వరూప దరఖాస్తు పెట్టింది. వ్యాసం వాళ్ళకు బాగా నచ్చింది. ఒక్క కాగితమే తక్కువైంది. బెదిరింపు ఉన్నట్టు ఆధారం శుక్రవారంలోగా పంపమన్నారు. తల్లి క్షేమం అడగడాన్ని బెదిరింపని ఎలా రుజువు చేయాలో చరిత్రలో ఎంఏ, పీహెచ్‌డీ చేసిన స్వరూపకు తెలియలేదు.

మూర్తి గారికి తెలిసింది. ఆధార్‌లో అడ్రసు మారాలన్నా, కోచింగ్ పిల్లలకు హాస్టల్లో మంచం దొరకాలన్నా, ఈ వార్డులో ఉప్పలయ్య గారి లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు ఉంటే చాలు.

ఈ ఆలోచన చెబితే, తోటకూర బాగుచేసుకుంటున్న ఆయన భార్య అనసూయమ్మ తలెత్తి చూసింది. “బెదిరించేవాడే బెదిరిస్తున్నానని కాగితం రాసిస్తాడంటారా?”

“అడిగితే కదా తెలిసేది.”

“ఇచ్చేంత మంచివాడైతే ఇంక ఆ పిల్ల దేశం వదిలిపోవడం ఎందుకండీ?”

ఆ ప్రశ్నను విష్ణుసహస్రనామం అయ్యాక ఆలోచిద్దామని మూర్తి గారు పక్కన పెట్టారు.

సోమవారం పొద్దున సంగతి విని ఉప్పలయ్య గారు మొదట నొచ్చుకున్నారు. స్వరూప తనకు చెల్లెలి వంటిదని, ఆమె కోసం గుడిలో అర్చన చేయించమన్నా చేయిస్తానని అన్నారు. తర్వాత కాసేపు మీసం సవరించుకున్నారు.

“రెసిడెన్స్ సర్టిఫికెట్ ఇస్త. క్యారెక్టర్ సర్టిఫికెట్ ఇస్త. ఇదేంది మూర్తి సార్, బెదిరించిన సర్టిఫికెట్ ఇప్పటిదాంక ఎవ్వలు అడగలే.”

“ఫారిన్ వాళ్ళు అడుగుతున్నారండీ.”

“అంటే ఫారినోళ్ళు నా లెటర్‌హెడ్ చూస్తరా?”

“చూడటమే కాదండీ, ఫైల్లో పెట్టుకుంటారు.”

ఉప్పలయ్య గారు లేచి నిలబడ్డారు. లెటర్‌హెడ్ మీద తన ఫొటో కలర్లో పడాలని, పల్లకీ మోస్తున్న ఫొటో అయితే ఇంకా మంచిదని చెప్పి, విషయం రాసిన చీటీని చిక్కడపల్లి చౌరస్తాలో డీటీపీ సెంటర్‌కు పంపారు.

అక్కడ ఆపరేటరు నరేంద్ర దగ్గర ఉప్పలయ్య గారి ఉత్తరాలకు ఒకే ఒక్క నమూనా ఉంది. పేరు మారుస్తాడు, విషయం ఉన్న ఒక్క వాక్యం మారుస్తాడు. మిగతాది పదకొండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. ఆ ప్రకారమే ఇంగ్లీషులో ఉత్తరం తయారైంది. దాని సారాంశం ఇది: ‘డాక్టర్ స్వరూప గారు నాకు గత ఐదు సంవత్సరములుగా తెలియును. ఆమె నడవడి మిక్కిలి ఉత్తమమైనది. ఆమెను నేను బెదిరించుచున్న మాట వాస్తవము. ఆమె జీవితమున సర్వవిధముల వృద్ధిలోకి రావలెనని కోరుచున్నాను.’ కింద సంతకం, పచ్చ సిరా, ముద్ర.

అది చదివి స్వరూప నవ్వింది. మూడు నెలల్లో ఆమె నవ్వడం మూర్తి దంపతులు చూడటం అదే మొదటిసారి. ఇందులో అబద్ధం ఏమీ లేదు కదా అని, పంపించింది.

మంగళవారం మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. స్థానిక నాయకుడు ఆమె పట్ల ఇంత ఆదరం చూపుతున్నందుకు వాళ్ళు సంతోషించారు. అయితే ప్రమాదం నిజంగా ఉందా అని సందేహం వెలిబుచ్చారు. ఉంటే ఫొటోల వంటివి పంపమన్నారు. లేకపోతే ఆ చోటు అంతకన్నా కష్టంలో ఉన్న మరొకరికి ఇస్తామన్నారు.

మూర్తి గారు మళ్ళీ వెళ్ళారు. ఈసారి ఉప్పలయ్య గారి ముఖం నిజంగానే చిన్నబోయింది. ఆ జవాబు కాగితం అవతల పడేసి, టీ తాగడం మానేశారు.

“ఇరవై ఏండ్ల రాజకీయంల నా బెదిరింపు మీద ఎవ్వడు డౌట్ పడలే సార్. ఇయ్యాల పరాయి దేశపోళ్ళు పడుతున్నరు. ఇది నా ఒక్కని ఇజ్జత్ కాదు, వార్డు ఇజ్జత్.” తర్వాత గొంతు తగ్గించారు. “రేపు నాలుగింటికి మా కరుణాకర్‌ను పంపుత. ఒక కిటికి అద్దం, నాలుగు పుస్తకాలు కింద పడుడు. ఫొటో దిగుడు. గంతే. బిడ్డకు ఏం కావద్దు.”

బిడ్డకు ఏం కావద్దన్న మాట మూర్తి గారికి మనసులో నిలిచిపోయింది. దారి పొడుగునా ఆ మాటే తలచుకుంటూ ఇంటికి వచ్చారు.

స్వరూప మాత్రం ఒప్పుకోలేదు. “వద్దు సార్. నాకు జరిగిందే నేను చెప్తున్న. నాటకం ఆడి పోయేదుంటే నాకు ఆ ఫెలోషిప్పే వద్దు. వాళ్ళను పైకి రానియ్యకుండ్రి, మీకు దండం పెడ్త.”

ఇది చదువుకున్నవాళ్ళ మొహమాటం అనుకున్నారు మూర్తి గారు. పిల్ల ప్రాణం ఒకవైపు, అడుగున్నర కిటికీ అద్దం ఒకవైపు. బుధవారం పొద్దున గుడికి వెళ్ళి, ఆమె పేరు మీద అర్చన చేయించి, స్వామికి కూడా విషయం చెప్పారు. స్వామి వారించలేదు. మధ్యాహ్నం స్వరూప అడిక్‌మెట్‌లో లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళింది.

నాలుగింటికి కరుణాకర్ సమయం తప్పకుండా వచ్చాడు. వార్డు యువజన విభాగానికి పద్దెనిమిదేళ్ళుగా అధ్యక్షుడు. వెంట ఇద్దరు మనుషులు, ఒక ఫొటోగ్రాఫరు. పూజలు జరిగే ఇల్లని చెప్పులు గేటు దగ్గరే వరసగా విడిచారు. మేడమెట్ల పక్కనున్న తులసి కుండీని, గాజు ముక్కలు పడతాయని, ఇద్దరూ కలిసి జాగ్రత్తగా దూరం జరిపారు. అనసూయమ్మ మజ్జిగ ఇచ్చింది. మజ్జిగ అయినంక పగలగొడ్తం అమ్మా అని కరుణాకర్ వినయంగా చెప్పాడు.

గది తలుపు విరగ్గొట్టాలని మొదట వాళ్ళ ఉద్దేశం. అది టేకు తలుపు, ఈ రోజుల్లో వడ్రంగి దొరకడం కష్టమని మూర్తి గారు వారించారు. స్వరూప తమ దగ్గర దాచమని ఇచ్చిన రెండో తాళంచెవి తెచ్చి, తానే తలుపు తీశారు.

పని చాలా పద్ధతిగా జరిగింది. అద్దం ఒకే దెబ్బకు పగిలింది. పుస్తకాలు ఒక్కొక్కటిగా తీసి కింద పరిచారు. భయపడిన మనిషి ఎవరైనా ఉంటే ఫొటో బాగుంటుందని ఫొటోగ్రాఫరు అనసూయమ్మను గుమ్మంలో నిలబెట్టాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. ఆమె లేకుండానే కానిచ్చారు.

చివర్లో కరుణాకర్ మంచం కింద ఉన్న ఇనప్పెట్టెను బయటికి లాగాడు.

“అదెందుకు బాబూ?” అన్నారు మూర్తి గారు.

“ఏదన్న పోతేనే దాడి అంటరు సార్. లేకుంటె గాలికి పడ్డయంటరు. రేపు పొద్దుగాల తెచ్చిస్త.”

మూర్తి గారు పెట్టెకు ఒక వైపు తానే పట్టి, మెట్ల మలుపు దాటించారు. బరువుగా ఉంది. గేటు దగ్గర కరుణాకర్ ఆయన కాళ్ళకు నమస్కరించాడు.

ఐదున్నరకు స్వరూప వచ్చింది. పగిలిన అద్దం వైపు చూడలేదు. తిన్నగా వెళ్ళి మంచం కిందికి వంగింది.

“పెట్టె ఏది సార్?”

మూర్తి గారు జరిగినదంతా వరసగా, ఏదీ వదలకుండా చెప్పారు. ఆమె పై మెట్టు మీద కూర్చుని వింది.

“అందుల పటం ఉన్నది సార్.”

“జిరాక్సు ఉంది కదమ్మా?”

“జిరాక్సు నాకు పనికొస్తది. కోర్టుకు పనికి రాదు. ముద్ర అసలు మీదనే ఉన్నది.”

లేచి వెళ్ళి గాజు ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదని మూర్తి గారికి అనిపించింది.

గురువారం పొద్దున పెట్టె రాలేదు. ఆయనే వెళ్ళారు. ఉప్పలయ్య గారు ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఓపిగ్గా వివరించారు.

“పెట్టె పోయిందని ఫారినోళ్ళకు చెప్పాలె కద సార్. ఇప్పుడు నేను వాపస్ ఇస్తే పోనట్టే అయితది. బిడ్డ అబద్ధాలకోరు అయితది. ఆమె భవిష్యత్తు నా చేతుల్ల పెట్టిండ్రు మీరు. నేనెట్ల ఖరాబ్ చేస్త చెప్పుండ్రి?”

“మరి ఆమె వెళ్ళిపోయాక ఇస్తారా?”

“ఆమె పోయినంక ఎవలికి ఇయ్యాలె?”

తర్కంలో లోపం ఎక్కడుందో మూర్తి గారికి దొరకలేదు. బయటికి వస్తుంటే, సమితి తరఫున తనకు ఉపాధ్యక్ష పదవి ఇస్తున్నట్టు కూడా తెలిసింది. ఫ్లెక్సీకి ఒక ఫొటో పంపమన్నారు.

ఇంటికి వచ్చేసరికి, ఫొటోగ్రాఫరు ఫోనుకు పంపిన ఫొటోలన్నీ స్వరూప తానే వాళ్ళకు పంపేసింది. ఈసారి ఆమె అభ్యంతరం చెప్పలేదు. పెట్టె నిజంగానే పోయింది, ఎవరు తీసుకెళ్ళారో నిజంగానే తెలుసు. ఇక ఈ గదిలో ఉంటే మిగిలిన కాగితాలు కూడా పోతాయని, ఆ తర్వాత తానూ మిగలనని ఆమెకు తెలుసు. నోటితో అన్నది ఇంతే: “అమ్మను పెద్దక్క ఇంటికి పంపిన సార్.”

సాయంత్రం జవాబు వచ్చింది. స్వరూప దాన్ని తెలుగులో మెల్లగా చదివి వినిపించింది. ఆమెకు జరిగిన నష్టానికి వాళ్ళు చాలా విచారించారు. ప్రమాదం తీవ్రంగా ఉందని ఒప్పుకున్నారు. చోటు ఆమె కోసమే ఉంచారు. ఒక్క చిన్న వివరణ కావాలన్నారు. ఫొటోల్లో కిటికీ పగిలింది గానీ తలుపుకు గీత కూడా పడలేదు, తాళం చెక్కుచెదరలేదు. దుండగులకు తలుపు ఎవరు తీశారో, ఏ పరిస్థితుల్లో తీశారో, ఇంటి యజమాని తన చేతిరాతతో రాసి, సంతకం పెట్టి, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా పంపాలి. అది అందగానే టికెట్ పంపుతారు.

“నిజం రాస్తే నాటకం అంటరు. నన్ను రానియ్యరు,” అంది స్వరూప. “అబద్ధం రాయమని మిమ్మల్ని నేను అడగను సార్.”

అనసూయమ్మ భర్త వైపు చూసి, లోపలికి వెళ్ళి దీపం సర్దింది.

శుక్రవారం పూజ తొందరగా ముగించి మూర్తి గారు దేవుడి గదిలోనే పీట ముందు కూర్చున్నారు. తెల్ల కాగితం తీసుకున్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. పైన స్వరూప సూట్‌కేసు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. కాగితానికి పైన, సరిగ్గా మధ్యలో, ‘శ్రీరామ’ అని రాశారు. కింద గీత గీశారు.

పదకొండున్నర అయింది. ఆ గీతను ఇంకోసారి దిద్దారు.