పొగలు కక్కే క్యారేజీ

ఆ ఉదయం ఆయన పథకం చిన్నదే. ఆఫీసుకు వెళ్తూ వీధి చివర మెకానిక్కుకు బండి చూపించి, ఇంజను ఎందుకంత వేడెక్కుతోందో కనుక్కుని, వేళకు సీట్లో కూర్చోవడం. కొన్నాళ్ళుగా ఆ మోటారుసైకిలెక్కితే కుంపటి పక్కన కూర్చున్నట్టే ఉంది. సైలెన్సరు తగిలి మంచి ప్యాంటొకటి కాలిపోయింది కూడా.

ఇల్లాలు క్యారేజీ కట్టి, సైలెన్సరు మీదుగా వేలాడే పక్కసంచీలో పెట్టింది. బండి గొడవ ఆమెకు పట్టదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వంట గురించి పెదవి విప్పని మనిషి, ఈమధ్య రోజూ మధ్యాహ్నం ఫోను చేస్తున్నాడు. "ఇప్పుడే మూత తీశానోయ్. పొగలు కక్కుతోంది. నీ చేతిలో ఏదో ఉంది." ఆ ఒక్క మాట కోసమే ఆమె కోడి కూయకముందే కూరలు తరుగుతోంది.

మెకానిక్కు ఇంజనాయిలు మార్చాడు. బండిని పరాయి చేతికివ్వని యజమాని తానే నాలుగు వీధులు తిప్పి తెచ్చాడు. వేడి తగ్గలేదు. ప్లగ్గు మార్చినా తగ్గలేదు. ఇంతలో బామ్మరిది నోట్లో బ్రష్షుతో దిగాడు.

"ఇంజనులోకి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ పోతోంది బావా. కార్బురేటరు స్క్రూ తిప్పితే సరి."

"నీకెవరు చెప్పారు?"

"వీడియోలో చూశాను."

తిప్పాడు. బండి నల్లటి పొగ వదిలింది. మెకానిక్కు షాపు పైన డాబా మీద బట్టలు ఆరేస్తున్న పిన్నిగారు ఆ పొగ చూసి, నిప్పంటుకుందనుకుని, బకెట్టు నీళ్ళు గుమ్మరించింది.

"బండి మీదే పోశాననుకున్నాను బాబూ."

"బండి మీదే పోశారు పిన్నిగారూ. మధ్యలో నేనున్నాను."

ఆయన ఇంటికెళ్ళి బట్టలు మార్చుకొచ్చేసరికి మెకానిక్కు స్క్రూను యథాస్థానానికి తెచ్చి, ఇక ఇంజను విప్పాల్సిందేనన్నాడు.

"విప్పొద్దు, అమ్మేస్తాను. రేపట్నుంచి బస్సులో పోతా."

వెనకే వచ్చిన ఇల్లాలు మార్కెట్టు దగ్గర దిగుతానని బండెక్కింది.

పక్కనుంచి సైకిళ్ళు దాటిపోతున్నాయి. ఆయన రెండో గేరు దాటడం లేదు. కుడికాలు బ్రేకు మీద ఆనే ఉంది.

"గేరు మార్చరేం?"

"వేగం పెరిగితే కూర ఒలుకుతుంది."

"మరి కాలు?"

"ఎవరైనా అడ్డమొస్తే సడన్‌గా తొక్కాలి, అప్పుడూ ఒలుకుతుంది. ముందే కాస్త నొక్కి ఉంచితే కుదుపుండదు. అంత కష్టపడి వండుతావు కదా."

ఆమె గుండె కరిగేలోపు పక్కసంచీ మోకాలికి చుర్రుమంది. ఇన్నాళ్ళూ పొగలు కక్కించింది తన చెయ్యి కాదు, సైలెన్సరు. చెబితే బండి చల్లబడుతుంది, క్యారేజీ చల్లబడుతుంది, మధ్యాహ్నం ఫోనూ చల్లబడుతుంది. కానీ ఎదురుగా ఆ తడిజుట్టు చూసి జాలేసింది.

"కాలు తీయండి."

"ఎక్కణ్ణుంచి?"

"బ్రేకు మీంచి. చక్రాన్ని మీరు పట్టుకుని, ఇంజన్ని లాగమంటే అది మాత్రం ఏం చేస్తుంది? కూర ఒలికితే ఒలకనీయండి."

ఆయన కాలు తీసి గేరు మార్చాడు. మార్కెట్టు చేరేసరికే బండి మనుషుల్లో పడింది.

ఆ మధ్యాహ్నం రోజూ మోగే వేళకు ఫోను మోగలేదు. ఆమె దాన్ని రెండుసార్లు తుడిచి పెట్టింది. గిన్నెలు కడుగుతుంటే మోగింది.

"అన్నం చల్లగా ఉంది," అన్నాడు.

"ఊఁ."

"ఇన్నాళ్ళూ నోరు కాలి, ఏం తింటున్నానో తెలిసేది కాదు. ఇవాళే రుచి తెలిసింది. ఇంత బాగా వండుతావని నాకెవరూ చెప్పలేదోయ్. గిన్నె తుడిచి తిన్నాను."

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. బండికి, సైలెన్సరుకు, పిన్నిగారి బకెట్టుకు కూడా మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

"రుచి తెలిసింది కాబట్టి చెబుతున్నా," అన్నాడాయన, "కూరలో ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది. రోజూ ఇంతేనా?"

సాయంత్రం ఆయన ఇల్లు చేరగానే, అప్పుడప్పుడూ కాలు బ్రేకు మీద పెట్టుకోవడంలో తప్పేమీ లేదని ఆమె చెప్పింది.