రొయ్యల గుంటలో జడ్సన్ కొట్టు

“ఊరికే చేస్తామన్నా వద్దనే లోకం ఒకటుందంటే నమ్ముతారా మీరు?” అని జడ్సన్, కోట ఊరి బజారులో ఉన్న తన రొయ్యల మేత కొట్టుకు వచ్చిన ప్రతివాడినీ నిలదీస్తున్నాడు. మేతకొచ్చినవాళ్ళు ముందు ఈ మోత భరించాలి.

కోపమంతా భార్య ఆనందకుమారి చదువు గురించి. పిల్లలు హాస్టళ్ళకు పోయాక ఆవిడ దూరవిద్యలో కంప్యూటరు డిగ్రీకి కట్టింది. దూరవిద్యంటే కాలేజీకి దూరమనుకున్నాడు జడ్సన్. వంటింటికి దూరమని ఆవిడ చేరాక తెలిసింది.

ఆఖరి ఏడాదికి ఒక షరతుంది. ఓపెన్ సోర్సు ప్రాజెక్టు ఒకటి వెతుక్కోవాలి. అంటే ఎవరైనా తెరిచి చూసి, ఊరికే బాగుచేయగల సాఫ్ట్‌వేరు. అందులో తనూ ఒక చెయ్యి వేయాలి, దాన్ని ఆ ప్రాజెక్టువాళ్ళు ఒప్పుకోవాలి. నెలాఖరులోగా ఒప్పుకోలు రాలేదా, ఏడాది గంగపాలు.

“మనకి లోపల సోర్సు ఎవరన్నా ఉండారా?” అని అడిగాడు జడ్సన్.

“సోర్సంటే సిఫార్సు కాదండీ.”

“మరి ఇన్నాళ్ళూ ఏం వెతకతా ఉండావు?”

“కొన్ని ప్రాజెక్టులు ఎప్పుడో చచ్చినాయి, పిలిస్తే పలికేవాళ్ళు లేరు. బతికుండేవాటిలో కొత్తవాళ్ళకని తేలిక పనులు పెడతారు. పెట్టీ పెట్టకముందే ఎవడో ఒకడు ఎగరేసకపోతాడు.”

“రేవులో చేపల వేలమా ఏంది?”

“వేలంలో అయితే అరవనన్నా అరవచ్చు. ఒకచోట పుల్ రిక్వెస్టు పెట్టినా, నా మార్పు తీసుకోండయ్యా అని. ఇంతవరకూ తిరిగి చూళ్ళా.”

“నేనూ పులుసు రిక్వెస్టు పెట్టినా. నువ్వు చూసినావా?”

అన్నాడే గానీ, జడ్సన్ రక్తం, రొయ్యల గుంటలో నీళ్ళు చిలికే ఏరేటరు లాగా గిర్రున తిరిగింది. తన భార్య! సండే స్కూల్లో కోతిమూకనంతా కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి! ఆమెకు దిద్దడానికి ఒక్క తప్పు మిగల్చరా? తప్పులకు కరువొచ్చిందా ఈ దేశంలో?

దొరక్కపోతే మనమే తయారు చేద్దాం అనుకున్నాడు. మేత వేయందే రొయ్య పెరుగుతుందా?

ఆనందకుమారి ‘ఊరిదారి’ అనే యాప్ మీద కన్నేసి ఉంది. చుట్టుపక్కల కొట్లనూ దారులనూ చూపించే పటం అది. విడవలూరు అమ్మాయి క్యాథరిన్, నెల్లూరులో చదువుకుంటూ, స్నేహితులతో కలిసి నడుపుతోంది. అందులో కొట్టు గుర్తు తప్పుగా ఉంటే ఎవరైనా జరపచ్చు. శనివారం సాయంత్రం జడ్సన్ తన కొట్టును బొటనవేలితో పట్టి, బజారులోంచి ఈడ్చుకుపోయి, ముత్యాలయ్య రొయ్యల గుంట నడిమధ్యలో దించాడు. సొంత కొట్టు, సొంత వేలు, ఎవడికి నష్టం? తెల్లారి కాఫీ తాగుతూ “కుమారీ, మన కొట్టు యాడుందో చూడు” అంటాడు. ఆమె దిద్దుతుంది. వాళ్ళు ఒప్పుకుంటారు. ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

కాఫీ కన్నా ముందు ఫోనొచ్చింది.

“అన్నా, వ్యాను పెంచల్‌ని. నెల్లూరు నుంచి మేత లోడు తెచ్చినా. నీ కొట్టుకి రావడం ఇదే తొలిసారి గదా, ‘ఊరిదారి’ చూసుకుంటా వచ్చినా. ఫోనేమో నేరుగా పొమ్మంటాది, ముందరేమో నీళ్ళుండాయి.”

“నీళ్ళుంటే ఆగబ్బా!”

“నేను ఆగినా అన్నా. బండే ఆగలా.”

జడ్సన్ స్కూటరేసుకుని పోయేసరికి వ్యాను సగం గట్టు మీద, సగం గుంటలో ఉంది. బస్తాలు పగిలి మేతంతా నీళ్ళపాలు. రొయ్యలు ఎగిరెగిరి విందు చేసుకుంటున్నాయి. గట్టు మీద ముత్యాలయ్య వాటికన్నా ఎత్తున ఎగురుతున్నాడు.

“గట్టు తెగిందంటే పంటంతా కాలవలో పడతాది! ఏ దరిద్రుడు పెట్టినాడబ్బా ఈడ కొట్టు?”

“అదే నేనూ అడుగుతా ఉండా!” అని జడ్సన్ అందరికన్నా గట్టిగా మండిపడ్డాడు. “అడిగేవాడు లేకపోతే ఇట్టాగే ఉంటాది! వాడెవడో నడిబజారులో నిలబెట్టాల!”

గట్టుకు మట్టి మోస్తూ తిట్టాడు. వ్యానుకు తాడు కడుతూ తిట్టాడు. ట్రాక్టరొచ్చి లాగేసరికి ఆ దరిద్రుడు తనేనన్న సంగతి మరిచిపోయి, నిజంగానే కోపం తెచ్చుకున్నాడు.

బురదతో ఇల్లు చేరితే ఆనందకుమారి కంప్యూటరు ముందు వెలిగిపోతోంది.

“ఒప్పుకున్నారండీ!”

“నాకు తెలుసు! మన కొట్టు గుర్తు దిద్దినావు గదా?”

“అది పెంచలే దిద్దేసినాడు, గుంటలో నిలబడి.”

“మరి నువ్వేం చేసినావు?”

“కొట్టును ఎవరన్నా నీళ్ళలోకి జరిపితే కుదరదని యాప్ ఆపేటట్టు కోడు రాసినా. ఆ యాప్ లోపలంతా చదివి పెట్టుకునే ఉండా గదా. క్యాథరిన్ వెంటనే తీసుకునింది. ‘మాకే తట్టలా, మీకెట్ట తట్టింది ఆంటీ’ అనింది.”

“ఏం చెప్పినావు?”

“సంసారం నేర్పింది తల్లీ అన్నా. ఏ గుర్తు ఎవరు జరిపినారో పేరుతో సహా పడతాదండీ అందులో. ఓపెనంటే అదే.”

జడ్సన్ జడిసెన్. నోరు మాత్రం తగ్గలేదు. “అయితే నా వల్లే గదా పని దొరికింది! నా పేరేదీ అందులో?”

“వేసినా” అని చూపించింది.

కోడు పనిచేస్తుందో లేదో చూడడానికి పక్కన ఒక పరీక్ష రాయాలట. రాసింది: ‘జడ్సన్ మేత కొట్టు. గుంటలో పెట్టి చూడుము. ఒప్పుకోరాదు.’ ఇకమీదట ఎవరు ఏ మార్పు పంపినా ముందీ పరీక్ష నడుస్తుంది. అంటే ప్రతిసారీ జడ్సన్ గుంటలో దిగి, చీవాట్లు తిని, గట్టెక్కాలి.

“అన్యాయం! పరువు పోతాది! తీసెయ్!”

“ఓపెన్ సోర్సే గదా, మీరే మార్పు పంపండి. బాగుంటే తీసుకుంటారు.”

జడ్సన్ పంతం పట్టి, కొట్టు మానుకుని నేర్చుకుని, తన పేరు కొట్టేసి పంపాడు. కారణం అన్న చోట ‘మర్యాద’ అని రాశాడు.

జవాబొచ్చింది: ‘కారణం చాలదు. కొట్టు గుంటలోకి ఎందుకు పోయిందో వివరంగా రాయగలరు.’ కింద, మార్పులు పరిశీలించేవారి పేరు: ఆనందకుమారి. క్యాథరిన్ ఆ భాగం ఆవిడకే అప్పగించిందట.

జడ్సన్ పళ్ళు నూరాడు. అటూ ఇటూ చూసి, గబగబా కొట్టాడు: ‘మా ఇంటావిడ తెలివిగలది. ఎవరూ పని ఇవ్వలేదు. ఆమెకు ఏడాది పోతుందని భయమేసి నేనే జరిపాను.’

ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

‘కారణం చాలా బాగుంది. దాన్ని కూడా పరీక్షలో మీ పేరు పక్కనే చేర్చాము. పేరు తీయబడదు.’