వదులైన చొక్కా

ఆ పొద్దున గేటు కాపలాదారుకి ఒకటే ఆలోచన: నెలాఖరు తనిఖీలోగా యూనిఫాం చొక్కాకి గుండీలు పట్టాలి. పట్టకపోతే వెనకాల గోదాముకి మార్చేస్తానని సూపర్‌వైజర్ మొహం మీదే చెప్పేశాడు. గోదాముకి కిటికీ కూడా లేదు. గేటు దగ్గరైతే వచ్చేపోయేవాళ్లు పలకరిస్తారు. ఆయన బతుక్కి మిగిలిన ముచ్చట అదొక్కటే. అందుకే చర్మం కింది కొవ్వును కరిగిస్తుందన్న క్రీము కొన్నాడు. ఇంట్లో నవ్వుతారని, స్నానాలగదిలో గడియ వేసుకుని పొట్టకు పట్టించాడు. భగ్గున మండింది. పళ్లు బిగబట్టినా మూలుగు ఆగలేదు.

"ఏవండీ, ఏమైంది?" తలుపవతల నుంచి భార్య అడిగింది.

"ఏం లేదు. నువ్వెళ్లు."

ట్యూబును పాత బూటులో దాచి, రోజూ అలాగే రాసుకున్నాడు, అలాగే మూలిగాడు. వారం తిరక్కుండానే చొక్కా వదులైంది. ఆ సంతోషంలో అన్నం నాలుగు ముద్దలు ఎక్కువే లాగించాడు. భార్య అడక్కుండానే మళ్లీ వడ్డించి, అటు తిరిగి కళ్లొత్తుకుంది. ఆదివారం బావమరిది పళ్లు పట్టుకొచ్చి, ఎన్నడూ లేనిది, ఆయన చేతులు పట్టుకున్నాడు.

"బావా, నేనన్న మాటలు మనసులో పెట్టుకోకు."

"ఏ మాటలు?"

"ఏవైనా సరే."

పొట్ట తగ్గితే చుట్టాల్లో ఇంత మర్యాదా అని ఆయన పొంగిపోయాడు. తనిఖీకి కొత్త యూనిఫాంలు ఇస్తామని కొలతలు అడిగితే, ఒంటిమీద టేపు పెట్టనివ్వలేదు.

"పాత కొలతకి బాగా తగ్గించి రాసుకోండి. మనం కరిగిపోయాం!"

తనిఖీ రోజు కొత్త చొక్కా ఊపిరి బిగబట్టి తొడిగాడు. మొదటి గుండీ ఎగిరి సూపర్‌వైజర్ టీ కప్పులో పడింది. రెండోది ఎక్కడ పడిందో ఎవరూ వెతకలేదు.

"రేపట్నుంచి గోదాము," అన్నాడు సూపర్‌వైజర్, కప్పు పక్కన పెడుతూ.

కాపలాదారు ఇంటికొచ్చి కూలబడ్డాడు. "పాత చొక్కా అంత వదులుగా ఉందే! ఇదెందుకు పట్టలేదు?"

భార్య మొహం పాలిపోయింది. "పాతదాని కుట్లు రోజూ కాస్త కాస్త నేనే విప్పి వదులు చేశానండీ. తలుపు సందులోంచి చూశాను. పొట్టకేదో మందు రాసుకుని మూలుగుతున్నారు. లోపల గడ్డ పెరుగుతోందనుకున్నా. ఉన్నన్నాళ్లైనా చొక్కా ఒరుసుకోకుండా ఉంటుందని..."

"నన్నడగొచ్చుగా!"

"దాస్తున్నారు కదా, అడిగితే బాధపడతారని." ఆవిడ భోరుమంది.

ఆ కిటికీ లేని గోదాము తలుచుకుంటే ఆయనకూ ఏడుపొచ్చింది.

మిగిలిన క్రీమును మర్నాడు కిర్రుమంటున్న గోదాము తలుపు మడతబందులకు పూశాడు. మూలగడం మానేసింది ఆ తలుపొక్కటే.